కేకకి తెలుగు

నలభై రెండో నిమిషంలో దయ్యం కేకేస్తుంది.
దానికి తెలుగు రాయాలి నేను.
నిమిషానికింత అని లెక్క,
మాటైనా కేకైనా ఒకటే రేటు.

కోటవీధిలో మేడ మీద గది.
పొద్దున తుడిచిన కీబోర్డు మీద
మధ్యాహ్నానికి పోర్టు బొగ్గుపొడి.
అక్షరం నొక్కితే వేలికి కాటుక.

సినిమా వాళ్ళది. మంచు వాళ్ళది.
పాతిక గదుల ఇల్లూ, అందులో ఒంటరి ఆవిడా వాళ్ళ వాళ్ళే.
వేలంలో ఆవిడ కొన్న దంతపు పెట్టె మాత్రం
మా ఊరిది.
అడుగున ఊరి పేరు, దొరల నోట్లో నలిగినట్టే:
విజగపటం.
బొమ్మ ఆపి చాలాసేపు చూశాను.
దంతాన్ని గీసి, గీతలో నల్లలక్క నింపిన తీగ.
అలాంటి పని చేసిన మెడ ఒకటి
ఈ వీధిలోనే ఎక్కడో దీపం కింద వంగి ఉంటుంది.

మూత తీస్తే ఆమె.
ముఖం మీద పడే జుట్టు జపాన్ నుంచి తెచ్చారు.
అరటిచెట్ల మధ్య తిరిగే తెల్లబట్ట మలయా వాళ్ళది.
వెనక్కి తిరిగిన పాదాలు మనవి.
బొట్టు కూడా మర్చిపోలేదు,
కాస్త పక్కకి పెట్టారు.

పేరు పెట్టడం మర్చిపోయారు.
స్క్రిప్టులో ఆమె ఎక్కడొచ్చినా "అది".
తెలుగులోకి తేవడానికి కష్టపడక్కర్లేదు,
వస్తువుకీ ఆడదానికీ మా భాష
ముందే ఒక మాట సర్దేసి ఊరుకుంది.
కష్టపడనందుకు కొంచెం సిగ్గేసింది.

చేపల గురమ్మ మెట్లెక్కి బుట్ట దించుతుంది.
నెత్తళ్ళు తూచదు, దోసిలితో పోస్తుంది.
నిప్పు నోటిలోపలికి పెట్టుకున్న చుట్ట తీసి
తెర వైపు చూసి అడిగింది,
"ఎవులింటి పిల్లమ్మా అది?"
దయ్యం గురమ్మా. ఇంగ్లీషు సినిమా.
"దయ్యవని తెలస్తంది గానీ,
ఏటి కావాలంటంది?"

రెండు గంటల సినిమాలో
ఆ మాట ఎవరూ అడగలేదు.
ఫాదరొచ్చి లాటిన్ చదివాడు,
ప్రొఫెసరు పుస్తకాలు తిరగేశాడు,
గదికో కెమెరా పెట్టారు, గుమ్మానికి ఉప్పు పోశారు,
ఆఖరికి పెట్టెతో సహా తగలబెట్టారు.

మా దగ్గర వేపమండ పట్టినవాడు
నోరు తెరవగానే అడిగేది అదే.
ఎవరు నువ్వు? ఏం కావాలి?
అది చెబుతుంది. ఒక కోక, ఒక నల్లకోడి,
ఒక్కోసారి ఎవరినో చివరిసారి చూడాలని.
బేరమాడి, ఇచ్చి, పొలిమేర దాకా సాగనంపుతారు.
కొట్టడమూ ఉంది, అబద్ధమెందుకు,
ఆ దెబ్బలు బతికున్న పిల్లకే తగులుతాయి.

గురమ్మ వాళ్ళమ్మ
పాత సమాధుల్లో ఒక దొరగోరీ మీద
అమాసమాసకీ చుట్ట పెట్టేదట.
ఇరవై ఏళ్ళవాడట, కలరాకి పోయాడట,
వలలారేసిన చోట రాత్రుళ్ళు తిరిగేవాడట.
"ఆడి బాస మాకు రాదు.
అయినా అంత దూరం నుంచొచ్చినోడు గదా,
అమ్మ గేపకమొచ్చుంటాది.
ఎట్టింది. తిరగడం మానీసినాడు."

రాత్రి డాల్ఫిన్స్ నోస్ మీది దీపం
సముద్రాన్ని తడిమి తడిమి పోతోంది.
హార్బర్లో ఏదో ఓడ కూసింది.
నలభై రెండో నిమిషానికి వెనక్కి వెళ్ళాను.
అక్కడ "భయంకరమైన అరుపు" అని రాయాలి, రూలు.
హెడ్‌ఫోన్లు పెట్టుకుని పదకొండుసార్లు విన్నాను.
కేకకి ముందు, ఊపిరి తీసుకునే చోట
చిన్న అక్షరం ఒకటి ఉంది.
అ కావచ్చు. మ కావచ్చు.
కుట్టినవాళ్ళ కళ్ళు కప్పి మిగిలినట్టుంది.

రూలు కొట్టేసి రాశాను:
"ఎవరినో పిలుస్తోంది."

రేపు ఎడిటర్ తీసేస్తాడు. డబ్బూ కోస్తాడేమో.
పడుకునే ముందు కిటికీ వేయబోయాను.
గట్టు మీద, బొగ్గుపొడిలో
గురమ్మ మర్చిపోయిన చుట్టముక్క.
అక్కడే ఉంచాను.